ఒంటికాలి మొక్కు

"కాలితో ఇల్లు తుడిస్తే లక్ష్మి నిలవదు మేయ్! ఎన్ని తూర్లు చెప్పల్ల నీకు?"

మా అత్త గోవిందమ్మ పొద్దున లేచి అనే మొదటి మాట ఇదే. దేవుడి పాటలు కూడా దీని తర్వాతే. అప్పటికి నేను కుచ్చెళ్లు ఎగదోపుకుని, తడిగుడ్డ కుడికాలి కింద వేసుకుని, ఎడమకాలితో ఒక్క తోపు తోసి, వాకిలి దగ్గర్నుంచి నీళ్ల డ్రమ్ము దాకా సర్రున జారిపోయి ఉంటాను. ఆళ్లగడ్డలో మా ఇల్లంతా బేతంచెర్ల బండలే, పాలిష్ పట్టినవి. తడి తగిలితే చాలు, కాలు ఆగమన్నా ఆగదు. "చేతులు పడిపోయినాయా? నడుము వంగదా?" అంటుంది అత్త. ఆమె నడుము నలభై ఏళ్లు వంగీ వంగీ ఇప్పుడు నిలబడినా సగం వంగే ఉంటుంది. మోకాళ్లయితే గడప దాటాలన్నా మొరాయిస్తాయి. ఆ సంగతి ఎత్తితే ఒప్పుకోదు. నేను సరే అత్తా అని తలూపి, ఆమె వంటింట్లోకి పోగానే మళ్లీ గుడ్డ కాలి కింద వేస్తాను. నేల ఆరేదాకా బండల మీద తడితో గీసిన పెద్ద ఎనిమిది అంకె ఉంటుంది. దాన్ని చూసుకుంటే నాకు ఆ రోజు అన్నం సయిస్తుంది.

నా పేరు మహానందీశ్వరి. ఇంట్లో ఈశ్వరి. పుట్టింది నంద్యాలలో. పెళ్లికి ముందు స్కేటింగ్ ఆడేదాన్ని అంటే అందరూ రేసు అనుకుంటారు. నాది రేసు కాదు, ఫిగర్ స్కేటింగ్. టీవీలో మంచు మీద ఆడతారు చూడండి, అదే ఆట చక్రాల బూట్లతో గట్టి నేల మీద. గిరగిరా తిరగడం, ఎగిరి గాల్లో ఒక చుట్టు చుట్టి దిగడం, ఒంటికాలి మీద వంగి గాలిలో చేతులు చాపి సాగిపోవడం. అందులో ఒక పోటీకి పేరే ఫిగర్స్. నేల మీద పెద్ద పెద్ద సున్నాలు గీసి ఉంటాయి, ఒకదాన్ని ఒకటి తాకుతూ ఎనిమిది అంకెలాగా. ఆ గీత తప్పకుండా ఒంటికాలితో చుట్టి రావాలి. చూసేవాళ్లకు అందులో ఏమీ కనిపించదు. చేసేవాళ్లు ఊపిరి కూడా జాగ్రత్తగా పీల్చాలి. నాకు అందులోనే మెడల్స్ వచ్చాయి. రాష్ట్రంలో బంగారం, జాతీయ పోటీలకు రెండుసార్లు రైలెక్కాను. పేపర్లో ఫోటో వస్తే మా నాయన పది కాపీలు కొని, తను పనిచేసే బండల గోడౌన్‌లో ప్రతి లారీ డ్రైవరుకూ చూపించాడు.

మాకు నేర్పింది ముస్తఫా సార్, ఒక ఫంక్షన్ హాల్లో. పెళ్లిళ్లు లేని రోజుల్లో హాలు మాది. పెళ్లి జరిగిన మర్నాడు పోతే మాత్రం గండమే. ఎంత ఊడ్చినా తలంబ్రాల బియ్యం బండల సందుల్లో మిగిలేది. ఒక్క గింజ చక్రం కిందికి వస్తే చాలు, మనిషి వెల్లకిలా. "చూస్కో బేటీ, తలంబ్రాలుండాయి!" అని సార్ అరిచేవాడు. ఆ బియ్యం నన్ను ఎన్నిసార్లు పడేసిందో లెక్కే లేదు. ఆఖరికి నా పెళ్లీ అదే హాల్లో అయింది. అవే తలంబ్రాలు. ఈసారి పడితే లేవడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

పెళ్లిచూపుల కథ వింటే మీరు నమ్మరు. మా మామ శేషాచారి, మా ఆయన మద్దిలేటి ఇద్దరూ శిల్పులు. ఆళ్లగడ్డ రోడ్డు పక్కన షెడ్డు, షెడ్డు నిండా దేవుళ్లు. చూపుల రోజు మా నాయన గర్వంగా "మా పాప ఫిగర్ స్కేటింగ్‌లో స్టేట్ ఫస్ట్" అన్నాడు. నంద్యాల కుర్రాళ్ల నోట ఆ మాట పడి నేను ఎంత అవస్థ పడ్డానో నాకే తెలుసు, బ్యాగు భుజాన వేసుకుని పోతుంటే "ఫిగర్ పోతాందిరో" అని ఈలలు. ఇక్కడ మా మామ కళ్లజోడు సర్దుకుని "ఫిగర్ అంటే ఏందిరా?" అని కొడుకును అడిగాడు. "బొమ్మ నాయనా. మనం చేసేదే" అన్నాడు మా ఆయన. మామ మొహం విచ్చుకుంది. "అట్లనా! మన పని తెలిసిన పిల్లే దొరికింది, ఇంగేం కావల్ల!" అని వెంటనే తాంబూలం తీసుకున్నాడు. నేను బొమ్మలు చెక్కుతానని అనుకుని నన్ను ఇంటికి తెచ్చుకున్నారు వీళ్లు. తీరా తెచ్చుకున్నాక తెలిసింది, పిల్లకు ఉలి పట్టుకోవడం కూడా రాదని. "చక్రాలేసుకుని ఎగురుతాదంట" అని మా అత్త వీధి వీధంతా చెప్పుకుని నుదురు కొట్టుకుంది.

బూట్లు అటకెక్కాయి. కొన్నాళ్లకు ఎందుకో చూడాలనిపించి దింపితే బూట్లున్నాయి, కింద చక్రాలు లేవు. మా ఆయన ఇరుసులతో సహా విప్పేసి, మందపాటి చెక్కకు బిగించి, విగ్రహాలు తోసే బండి చేసుకున్నాడు. "ఊరికే పడుండాయి గదా. ఎంత నున్నగా పోతాందో చూడు!" అని నాకే మురిసిపోతూ చూపించాడు. నాకు కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. ఏం లాభం? ఆ రోజు నుంచి ఆ బండి తోసేది నేనే. నా చక్రాల మీద వినాయకుడు ఊరేగాడు, సరస్వతి ఊరేగింది, నేను తప్ప అందరూ ఊరేగారు. విగ్రహాలు కడిగేది, గడ్డి చుట్టి పెట్టెల్లో సర్దేది, ఫోన్లో ఫోటోలు పంపేది, "దత్తాత్రేయుడు రెడీగా ఉన్నాడా" అని అడిగేవాళ్లకు ఓపిగ్గా జవాబు చెప్పేది నేను. ఎవరైనా "మీ ఆడామె ఏం చేస్తాది?" అంటే మా ఆయన "ఏం లేదన్నా, ఇంట్లోనే ఉంటాది" అంటాడు.

షెడ్డు ముందు ఒక నాట్యకత్తె ఉంది. నల్లరాయి. ఒక కాలు వెనక్కి ఎత్తి, రెండు చేతులూ చాచి, నవ్వుతూ. మా ఆయన ఎంతో ప్రేమగా చెక్కాడు దాన్ని. ఒకరోజు నేను దాని పక్కన అదే తీరులో కాలెత్తి నిలబడి "ఎట్లుంది?" అన్నాను. మొహం మాడ్చుకున్నాడు. "రాయి ఎత్తితే కళ. ఇంట్లో ఆడది ఎత్తితే నవ్వుతారు జనం. దించు" అన్నాడు. దించాను. చిన్నదానికీ పెద్దదానికీ ఒంటికాలి మీద లేవడం ఆయనకు అలవాటు, అది ఎవరికీ తప్పు కాదు. ఒంటికాలి మీద నిలబడడం నేర్చుకున్న దాన్ని నేను, నాకే ఆ కాలు దించమని చెప్తారు.

ఈ శ్రావణమాసంలో ముస్తఫా సార్ ఫోన్ చేశాడు. "బేటీ, స్టేట్ పోటీలు ఈసారి మన నంద్యాలలోనే. కొత్త రింకు కట్టినారు. ముప్పై దాటిన ఆడోళ్లకు గూడా ఒక పోటీ పెడతాండారు. నీ పేరు రాస్తా. ఏమంటావ్?"

ఇంట్లో అడిగి చెప్తా సార్ అనాలి. నోరు తెరిస్తే "రాయండి సార్" అని వచ్చింది. ఫోన్ పెట్టాక మనసు పొయ్యి మీద పొంగే పాలలాగా ఉంది. చెప్పే ధైర్యం లేదు, మానుకునే ఉద్దేశం అసలే లేదు. అందుకని వంటింట్లో మొదలుపెట్టాను. పప్పు ఎనుపుతూ ఒంటికాలు. రొట్టె కాలుస్తూ ఇంకో కాలు. ఒంటికాలి మీద తూలకుండా ఉండాలంటే కళ్లు ఒకచోట నిలపాలి. పొయ్యి ఎదురుగా గోడ మీద అహోబిలం నరసింహస్వామి క్యాలెండర్ ఉంది. స్వామి నుదుటి మీది నామం నాకు బాగా పనికొచ్చింది. దాన్నే రెప్ప వేయకుండా చూస్తూ నిలబడేదాన్ని.

ఒకరోజు వెనక చప్పుడైంది. తిరిగి చూస్తే గడపలో మా అత్త. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నన్నూ, నా ఎత్తిన కాలినీ, గోడ మీది స్వామినీ మార్చి మార్చి చూస్తోంది. అయిపోయాను అనుకున్నాను. ఆమె తిట్టలేదు. రెండు చేతులూ కళ్లకద్దుకుని, శబ్దం కాకుండా వెనక్కి వెళ్లిపోయింది.

సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది, శేషాచారి కోడలు ఒంటికాలి మీద నరసింహస్వామికి మొక్కులో ఉందని. నన్ను ఎవరూ అడగలేదు. మా వైపు ఒక నమ్మకం ఉంది, మొక్కు మధ్యలో ఎందుకని అడిగినా, చెప్పినా, ఫలం పోతుందని. అడగరు కాబట్టి నేను అబద్ధం చెప్పాల్సిన పనీ పడలేదు, నిజం చెప్పే వీలూ రాలేదు. చూడండి నా అదృష్టం! మర్నాటి నుంచి కడవ నా చేతిలోంచి లాక్కున్నారు. "బరువులెత్తాకు, కాలికి బలం కావల్ల" అని అత్త నాకు నెయ్యి వేసి రాగిసంగటి పెట్టింది. బండి తొయ్యడానికి మా ఆయనే లేచాడు. పక్కింటి మెహరాజ్ అక్క అరటిపండ్లు తెచ్చిచ్చి "నా మోకాలినొప్పి గూడా నీ మొక్కులో కలుపుకో ఈశ్వరీ, పుణ్యముంటాది" అని చెవిలో చెప్పిపోయింది. ఎనిమిదేళ్లలో ఆ ఇంట్లో నాకు కూర్చోమని కుర్చీ వేసింది అప్పుడే.

ఇంకా తమాషా ఏమిటంటే, ఆ మొక్కు తన కోసమేనని ఎవరికి వాళ్లకు నమ్మకం. మామ తన కంటి ఆపరేషన్ కోసం అనుకున్నాడు. మా ఆయన చేతిలో నిలువెత్తు ఆంజనేయుడి పని ఉంది, అది చీలిక లేకుండా రావాలని నేను నిలబడుతున్నాననుకుని, భోజనాల దగ్గర నా వైపు జాలిగా, ప్రేమగా చూసేవాడు. అత్తకయితే అనుమానమే లేదు. మాకొక ఆడపిల్ల, ఇంక మనవడి కోసం కాకపోతే కోడలు ఎందుకు మొక్కుతుంది? నాకు నవ్వొచ్చేది. పడుకుని తలచుకుంటే మాత్రం ఆ నవ్వు ఆగిపోయేది. ఇంతమంది ఉన్నారు, ఒక్కరికైనా అది నా కోసమేమో అన్న ఆలోచన రాలేదు.

అత్త లెక్కలో మొక్కుకు మండలం రోజులు నిండాయి, ఆ రోజు భక్ష్యాలు చేసింది. అందరం తింటుంటే ఆగలేక అడిగేసింది. "అయిపాయె గదా, ఇంగ చెప్పొచ్చులే. ఎవురి కోసం మొక్కినావు?"

"ఎవురి కోసమేంది, నా కన్ను కోసమే" అన్నాడు మామ.

"నీ కంటికి డాక్టరుండాడులే నాయనా. ఆంజనేయుని కోసం" అన్నాడు మా ఆయన.

"మీరిద్దురూ ఊరకుండండి. దాన్ని చెప్పనీండి" అంది అత్త, నా విస్తట్లో ఇంకో భక్ష్యం వేస్తూ.

ఒక్క మాట చాలు. మనవడి కోసం అత్తా, మహానందికి కూడా మొక్కుకున్నా, ఫలానా రోజు పోయి తీర్చాలి అంటే, కారు పెట్టించి పంపుతారు. మహానందికి దారి నంద్యాల మీదుగానే. నాలుక చివరిదాకా వచ్చింది. భక్ష్యంతో పాటు మింగేశాను. మొగుడి కోసం, మనవడి కోసం ఎత్తితే దండం పెట్టిన కాలు ఇదే. నా కోసం ఎత్తితే ఏమంటారో ఇప్పుడే తేలిపోవాలి.

"నా కోసం" అన్నాను.

నేను ఆగకుండా చెప్పేశాను. "అది మొక్కు కాదత్తా, ప్రాక్టీసు. నంద్యాలలో స్కేటింగ్ పోటీలు. పేరు కూడా ఇచ్చేశాను. నేను పోతాండా."

మా ఆయన నిజంగానే ఒంటికాలి మీద లేచాడు. "ఈ వయసులోనా? పిల్ల తల్లివి! పది మందిలో ఎగరతావా? మాకు ఊర్లో తలెట్ల ఎత్తుకోవల్ల?" నేను చెయ్యి కడుక్కుని షెడ్డులోకి పోయి, బండిని తలకిందులు చేసి, పానా పట్టుకుని మొదటి బోల్టు తిప్పాను. తుప్పు పట్టలేదు. నూనె పెట్టేది నేనే కదా. ఆయన వెనకే వచ్చాడు. "చక్రాలు పీకితే విగ్రహాలు ఎట్ల జరపల్ల?"

"మీకు రెండు చేతులుండాయి. మామకు రెండుండాయి. వాటితో" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే ఆశ్చర్యం వేసింది, సంతోషం కూడా వేసింది.

అత్త గడపలో నిలబడి ఉంది. ఏడుస్తుందేమో, శాపనార్థాలు పెడుతుందేమో అనుకున్నాను. ఆమె కుంటుతూ వచ్చి, రోడ్డు వైపు తిరిగి ఉన్న నాట్యకత్తెకు ఆనుకుని నిలబడింది.

"ఆడది తనకోసం మొక్కుతాదా మేయ్?" అంది. కోపం లేదు గొంతులో. నిజంగానే అడుగుతోంది. "నేను అహోబిలం కొండ ఎక్కినా, మహానంది కోనేట్లో మునిగినా. వీని జరానికొకటి, మీ మామ తాగుడికొకటి, ఆడబిడ్డ పెండ్లికొకటి. నాకోసం ఒక్కటన్నా మొక్కుకున్న్యానా అని చూస్తాండా. ఒక్కటీ గుర్తు రాలే." తర్వాత కొడుకు వైపు తిరిగింది. "బండి గట్టిగా పట్టుకోరా, అది బోల్టు విప్పుతాంది కనపల్లే?"

మా ఆయన వంగి బండి పట్టుకున్నాడు.

ఆ తర్వాతి రోజులు ఎంత బాగున్నాయని! పొద్దున్నే షెడ్డులో విగ్రహాలన్నీ గోడవైపు జరిపించి, నున్నటి బండల మీద, చక్రాలు మళ్లీ బిగించిన నా బూట్లతో నేను. మొదటి రోజు నాలుగుసార్లు పడ్డాను, పడిన ప్రతిసారీ నవ్వాను. మోకాళ్లు గీరుకుపోయాయి, పిక్కలు రాళ్లయ్యాయి, అయినా చక్రాల చప్పుడు చెవిలో పడుతుంటే నా వయసు నాకు గుర్తులేదు. అత్త స్టూలు వేసుకుని కూర్చుని కాపలా. ఎవరైనా తొంగి చూస్తే "ఏందప్పా, పనిల్యాదా?" అని తరిమేది. మా ఆయన రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగి, మూడో రోజు ఉలి పక్కన పెట్టి వచ్చాడు. "ఆ ఎత్తిన కాలు కొంచెం బయటికి తిప్పు. నడుము గీత తెగిపోతాంది" అన్నాడు. శిల్పి బుద్ధి ఎక్కడికి పోతుంది! "నేను రాయిని కాదబ్బా" అన్నాను. కానీ తిప్పి చూస్తే బాగుంది. చెప్పలేదు.

పోటీ రోజు అందరూ బయల్దేరారు. కారులో అత్త ఒళ్లో సంచి, సంచిలో టెంకాయ. "గుడికి పోవడం లేదత్తా మనం" అంటే "నీకెందుకు, ఉండనీ" అంది. రింకు దగ్గర ముస్తఫా సార్, గడ్డం తెల్లబడిపోయింది, నన్ను చూసి రెండు చేతులూ ఎత్తాడు. "ఈడ తలంబ్రాల్లేవు బేటీ, బిందాస్‌గా తిరుగు!" మా విభాగంలో ముగ్గురమే ఆడవాళ్లం. చుట్టూ చిన్నపిల్లలు, మమ్మల్ని చూసి కిసకిసలు. నేల మీద తెల్లగా గీసిన సున్నాలు చూడగానే నాకు పుట్టింటి గుమ్మం చూసినట్టయింది.

ముందు ఫిగర్స్. ఒక్క తోపు. కుడికాలి మీద బరువు, ఎడమకాలు గాల్లో, గీత నా చక్రాల కింద. నరసింహస్వామి నామం లేదు, ఎదురుగా మా అత్త కుంకుమబొట్టు కనిపించింది, దానిమీదే కళ్లు నిలిపాను. మొదటి సున్నా చుట్టాను. తాకే చోట కాలు మార్చాను. రెండో సున్నా. ఇన్నేళ్లు ఇంట్లో నీళ్లతో గీసినదే కదా, కాలికి కొత్తేముంది! ఆఖరి చుట్టులో కిసకిసలు ఆగిపోయాయి. నేను ఆగాక చప్పట్లు, మా ఆయన చప్పట్లు అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా. నా ఒళ్లంతా నవ్వే.

ఇంకా ఫ్రీ స్కేటింగ్ ఉంది, ఎగిరేదీ తిరిగేదీ. ఊపిరి తీసుకుందామని రింకు గేటు దగ్గరికి వచ్చానో లేదో, మా అత్త టెంకాయ పట్టుకుని ఎదురొచ్చింది. "ఇంతమంది కండ్లు పన్న్యాయి!" అని దిష్టి తీస్తూ నా చుట్టూ తిప్పి, ఎవరూ ఆపేలోపు గేటు మెట్టుకేసి ఠపీమని కొట్టింది. నీళ్లు జల్లున రింకు మీద పరుచుకున్నాయి. విజిల్ మోగింది. జడ్జి మేడమ్ పరిగెత్తుకొచ్చింది. "ఎవరమ్మా మీరు! నేల ఆరకపోతే పోటీ ఆపేయాలి!"

మా అత్త మొహం పాలిపోయింది. తన చేతుల్తో నా ఆట చెడగొట్టానని కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను మెడలో టవల్ తీసి వంగబోయాను. ఆమె లాక్కుంది. వంగడానికి ప్రయత్నించింది, మోకాళ్లు ఒప్పుకోలేదు. టవల్ చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూసింది. ఆమె చెప్పులు విడిచింది. టవల్ నేల మీద పడేసింది. గేటు కమ్మీ ఒక చేత్తో పట్టుకుని, చీర కొంచెం ఎత్తి, దాని మీద కుడికాలు పెట్టింది.

మెల్లగా ఒక సున్నా చుట్టింది. ఇంకోటి చుట్టింది. తడంతా టవల్‌లోకి వచ్చేసింది. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. మైకులో ఎవరో మహానందీశ్వరి, ఆళ్లగడ్డ అని పిలుస్తున్నారు. నేను నవ్వాపుకోలేక, ఏడుపాపుకోలేక ఆమె కాలినే చూస్తూ నిలబడ్డాను.

"ఏందే అట్ల చూస్తాండావ్?" అంది మా అత్త, కాలు ఆపకుండా. "లక్ష్మి యాడికీ పోదులే. నువ్వు పో, నీ పేరు పిలుస్తాండారు."